ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో తడబడకుండా జవాబు చెప్పడం

పైడిభీమవరం మందుల కంపెనీలకో, బొబ్బిలి పారిశ్రామికవాడకో ఇంటర్వ్యూకు వెళ్లే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ విద్యార్థులు, సబ్జెక్టు బాగా తెలిసినా, మనసులో తెలుగు వాక్యం కట్టుకుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చే ప్రయత్నంలో మాట మధ్యలో ఆగిపోతుంటారు. అందుకే చిన్న వాక్యాలు ఎంచుకోవాలి.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నప్పుడు "మైసెల్ఫ్ రమేష్" అనకుండా "ఐ యామ్ రమేష్" అని మొదలుపెట్టి, చదువు, చేసిన ప్రాజెక్టు, ఈ ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం చెప్పి ఒక నిమిషంలో ముగించాలి. కుటుంబ వివరాలు అడిగితేనే చెప్పడం మేలు.

అసలు పరీక్ష సబ్జెక్టు ప్రశ్నల దగ్గర మొదలవుతుంది. కెమిస్ట్రీ అభ్యర్థిని టైట్రేషన్ (బ్యూరెట్ అనే గాజు గొట్టం నుంచి ఒక ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలిపి, మరో ద్రావణం గాఢత తెలుసుకునే పద్ధతి) గురించి అడిగారనుకుందాం. పద్ధతిని వివరించేటప్పుడు "వి ఫిల్ ద బ్యూరెట్" అని వర్తమాన కాలంలోనూ, కాలేజీ ల్యాబ్‌లో తాను చేసిన ప్రయోగం గురించి "ఐ ఫిల్డ్ ద బ్యూరెట్" అని భూతకాలంలోనూ చెప్పాలి. ఈ రెండు కాలాలు కలగాపులగమైతే, విషయం సరైనదైనా, అభ్యర్థి ఆ పని స్వయంగా చేశాడా లేదా అన్న అనుమానం వినేవారికి కలుగుతుంది. ఇలాంటి జవాబులను ఫోనులో రికార్డు చేసుకుని, క్రియాపదాలను మాత్రమే గమనిస్తూ మళ్లీ వినాలి. యాస గురించి బెంగ అనవసరమని నా అభిప్రాయం. స్పష్టత ఉంటే చాలు.

ప్రశ్న అర్థం కాకపోతే ఊహించి జవాబు చెప్పకుండా "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్?" అని అడగవచ్చు. జవాబు తెలియకపోతే "ఐ డోంట్ నో దిస్, సర్" అని నేరుగా చెప్పి, తరువాతి ప్రశ్న కోసం ఆగాలి.