ఇంట్లో ఒకరికి బ్లడ్ క్యాన్సర్ వస్తే మిగతావాళ్లు చూసుకోవాల్సినవి

విశాఖపట్నం కేజీహెచ్ వార్డు బయటైనా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఓపీలోనైనా బంధువులు ముందుగా అడిగేది ఇదే: "మా పిల్లలకీ వస్తుందాండీ?" చాలా కుటుంబాల్లో రాదు. అయితే ఏ రకమో తెలియకుండా ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పలేరు.

అందుకే ముందు పాత ఫైలు తీయండి. డిశ్చార్జి కాగితంలో ఉత్త "బ్లడ్ క్యాన్సర్" అని ఉంటే సరిపోదు. ల్యుకేమియానా (తెల్లకణాల క్యాన్సర్), లింఫోమానా (లింఫు గ్రంథులది), మైలోమానా (మజ్జలోని ప్లాస్మా కణాలది) తెలియాలి. ల్యుకేమియా అయితే వేగంగా ముదిరే ఏఎల్ఎల్, ఏఎంఎల్, నెమ్మదిగా ముదిరే సీఎల్ఎల్, సీఎంఎల్ రకాల్లో ఏది? బోన్‌మ్యారో (ఎముక మజ్జ), ఫ్లో సైటోమెట్రీ (కణాల రకం తేల్చే పరీక్ష), క్రోమోజోమ్ రిపోర్టులు (లింఫోమాకైతే గడ్డ బయాప్సీ) జిరాక్స్ తీసి పెట్టుకోండి.

సీఎంఎల్ రిపోర్టులో "బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్" అని చూసి ఇల్లంతా హడలిపోతుంది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన మార్పు అది. రోగి మజ్జలో తర్వాతెప్పుడో వచ్చింది, పిల్లలకు పోదు. సీఎల్ఎల్‌లో కుటుంబ ముప్పు కొన్ని రెట్లు ఎక్కువే. అయినా ఆ జబ్బే అరుదు కాబట్టి, ఏ లక్షణమూ లేని అన్నదమ్ములకు ఏటా పరీక్షలు దండగ.

తర్వాత మూడు తరాల పట్టిక గీయండి. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, మేనరికానికి జంట గీత. ప్రతి ఒక్కరి పక్కన జబ్బు, అది బయటపడిన వయసు రాయండి. చిన్నప్పటినుంచీ ప్లేట్‌లెట్లు తక్కువా, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలా అన్నదీ రాయాలి. ఆర్‌యూఎన్ఎక్స్1 అనే జన్యువులో వంశపారంపర్య మార్పున్న కుటుంబాల్లో ఇలాంటివాళ్లకు ఐటీపీ (ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడిన సందర్భాలుంటాయి. డీడీఎక్స్41 అనే మరో జన్యువులో మార్పైతే జబ్బు ఎక్కువగా పెద్ద వయసులో బయటపడుతుంది. "ముసలితనంలో వచ్చింది కదా" అని వదిలేయకండి.

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఫాంకోని ఎనీమియా (మజ్జ రక్తకణాలు సరిగా తయారుచేయలేని వంశపారంపర్య జబ్బు) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని జన్యు మార్పు తల్లి, తండ్రి ఇద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పొట్టిగా ఉండటం, బొటనవేలు సరిగా లేకపోవడం, ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు, రక్తకణాలు తగ్గడం కనిపిస్తే క్రోమోజోములు విరుగుతున్నాయేమో చూసే క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష అడగండి. కీమో మొదలుపెట్టకముందే తేలాలి, మామూలు మోతాదును ఈ పిల్లలు తట్టుకోలేరు.

వంశపారంపర్య పరీక్షకు రోగి రక్తం ఇస్తే ఫలితం తికమకే: క్యాన్సర్ కణాల మార్పులూ అందులోనే కనిపిస్తాయి. లాలాజలంలోనూ తెల్లకణాలుంటాయి. చర్మం ముక్క తీసి, కణాలు పెంచి చూడటమే నమ్మకం. దానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి ముందే పంపండి.

మజ్జ మార్పిడి మాట వచ్చిందంటే ఈ వంశపారంపర్య పరీక్ష వాయిదా వేసే పని కాదు. తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. కానీ సరిపోయిన తమ్ముడిలోనూ అదే జన్యు మార్పు ఉంటే, ఆ మజ్జతో పాటు జబ్బు ముప్పునూ ఎక్కించినట్టే. దాతకు హెచ్ఎల్ఏ (మజ్జ సరిపోతుందో లేదో చూసే పరీక్ష)తో పాటు కుటుంబంలో దొరికిన మార్పునూ పరీక్షించమని డాక్టరుగారిని అడగండి.