విండోస్ పక్కన హైకూ – నాలుగో పాఠం: రెండింటి మధ్య ఫైళ్లు

మూడో పాఠం పూర్తి చేసినవాళ్ల ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే విండోస్, దాని పక్కన మనం పెట్టుకున్న హైకూ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, రెండూ మెనూలో కనిపిస్తున్నాయి. ఒకదాంట్లోంచి బయటికి వచ్చి రెండోదాంట్లోకి వెళ్లడం ఇప్పుడు మీకు వచ్చు. అయితే రెండు రోజులు వాడాక ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే అవసరం ఒకటుంది. విండోస్‌లో రాసుకున్న ఉత్తరం హైకూలో కావాలి. హైకూలో దించుకున్న ఫొటోలు విండోస్‌లో ప్రింట్ తీయాలి. ఈ రాకపోకలు పాడవకుండా జరగాలంటే ఏం చేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. హైకూ తన డిస్కు భాగాన్ని బీఎఫ్ఎస్ అనే పద్ధతిలో సర్దుకుంటుంది. విండోస్‌కి ఆ పద్ధతి తెలియదు. హైకూకి మాత్రం విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ తెలుసు, పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్32 కూడా తెలుసు. అంటే తలుపు గడియ హైకూ వైపే ఉంది. ఫైలు తెచ్చుకోవాలన్నా, ఇచ్చి రావాలన్నా హైకూలో కూర్చునే చేయాలి. విండోస్‌లో ఉన్నప్పుడు హైకూ భాగం మీద క్లిక్ చేసి, ఫార్మాట్ చేయాలా అని అది అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. దానికి అర్థం కాని ప్రతి భాగాన్నీ అలాగే అడుగుతుంది. ఒప్పుకుంటే మీ హైకూ మొత్తం పోతుంది.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. మీరు షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, తన లోపలి స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో దాచుకుంటుంది. మర్నాడు ఆ ఫైలు చదువుకుని తొందరగా లేస్తుంది. విండోస్ ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో ఇది బాగానే ఉంటుంది. మనకు కుదరదు. ఎందుకో ఇలా ఊహించుకోండి. కొట్టు యజమాని ఖాతా పుస్తకం తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అతను పడుకున్నప్పుడు మీరు వచ్చి అరలో రెండు బస్తాలు పెట్టి వెళ్లారు. పొద్దున లేచి అతను తన పుస్తకమే చూస్తాడు, అరను చూడడు. పుస్తకంలో ఆ చోటు ఖాళీ అని ఉంది కాబట్టి మీ బస్తాల మీదే ఇంకేదో పడేస్తాడు. డిస్కు మీద ఫైళ్లు చెడిపోయేది సరిగ్గా ఇలాగే.

దీన్ని ఆపడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవండి. ఎడమ పక్కన పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే వరుస ఉంటుంది. దాంట్లోకి వెళ్తే కింద ఫాస్ట్ స్టార్టప్ పక్కన టిక్కు ఉంటుంది. అది బూడిద రంగులో ఉండి కదలకపోతే, పైన 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చండి' అనే అర్థం వచ్చే నీలం వరుస నొక్కి, అప్పుడు టిక్కు తీసేసి సేవ్ చేయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చినప్పుడు ఈ టిక్కు మళ్లీ పడిందేమో ఒకసారి చూసుకోవడం మంచిది. తెరిచిన ప్రోగ్రాములతో సహా అంతా డిస్కు మీద దాచుకుని ఆగే హైబర్నేట్‌కి కూడా ఇదే మాట వర్తిస్తుంది. విండోస్‌ని హైబర్నేట్ చేసి హైకూలోకి రావద్దు. రీస్టార్ట్ చేసి వస్తే ఇబ్బంది లేదు, ఎందుకంటే రీస్టార్ట్‌లో విండోస్ నిజంగానే పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంది.

ఇక ఫైళ్లు పెట్టుకునే చోటు. హైకూలోంచి నేరుగా విండోస్ సీ డ్రైవ్‌లో రాయవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేను వద్దనే చెబుతాను. అందులో విండోస్ సొంత ఫైళ్లు వేలకొద్దీ ఉంటాయి, పొరపాటున ఒక ఫోల్డర్ కదిలినా విండోస్ లేవకపోవచ్చు. పైగా ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో సీ డ్రైవ్ బిట్‌లాకర్‌తో తాళం వేసి వస్తోంది. ఆ తాళం హైకూ తీయలేదు. అందుకే రెండింటికీ కలిపి ఒక చిన్న ఉమ్మడి భాగం చేసుకుందాం.

దీన్ని విండోస్‌లోనే చేయాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. రెండో పాఠంలో సీ డ్రైవ్‌ని కుదించినట్టే ఇప్పుడు ఇంకో 20480 ఎంబీ, అంటే 20 జీబీ, కుదించండి. ఖాళీ అయిన చోట రైట్ క్లిక్ చేసి కొత్త వాల్యూమ్ చేయండి. ఫైల్ సిస్టమ్ అడిగినచోట ఫ్యాట్32 ఎంచుకోండి. పేరు 'ఉమ్మడి' అని ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉండాలన్న హద్దు ఉంది. సినిమాల సంగతి పక్కన పెడితే రోజువారీ పనులకు అది అడ్డు రాదు.

హైకూలోకి వచ్చి డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేయండి. మౌంట్ అనే వరుసలో ఉమ్మడి కనిపిస్తుంది. దాన్ని నొక్కగానే డెస్క్‌టాప్ మీద బొమ్మ వస్తుంది. ప్రతిసారీ ఇలా చేయడం విసుగు అనిపిస్తే అదే మౌంట్ మెనూ కింద సెట్టింగ్స్ ఉంది. బూట్ అయ్యేటప్పుడు ఇంతకుముందు మౌంట్ చేసినవాటిని మళ్లీ చేయమని అక్కడ చెప్పవచ్చు. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు కంట్రోల్ సీ పనిచేయలేదని కంగారు పడకండి. హైకూలో అది ఆల్ట్ సీ. వేళ్లకు అలవాటు కాకపోతే కీమ్యాప్ సెట్టింగులలో విండోస్ పద్ధతికి మార్చుకునే బటన్ ఉంది.

తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు హైకూ కిటికీల్లో డబ్బాలుగా గానీ, ఒత్తులు విడిపోయి గానీ కనిపించవచ్చు. ఫైలు చెడిపోలేదు. విండోస్‌కి వెళ్లి చూస్తే పేరు చక్కగా ఉంటుంది. చూపించడంలో వచ్చిన తేడా తప్ప దాచిన అక్షరాల్లో తేడా లేదు.

గడియారం గురించి ఒక్క మాట. హైకూకి వెళ్లి వచ్చాక విండోస్‌లో టైము ఐదున్నర గంటలు తేడా చూపిస్తే, హైకూ టైమ్ సెట్టింగులలో హార్డ్‌వేర్ గడియారాన్ని లోకల్ టైముకి మార్చండి. ఇది ఫైళ్లకు కూడా ముఖ్యమే. టైము తప్పితే ఏ కాపీ కొత్తదో తెలియదు.

ఇప్పుడు నా దగ్గర జరిగిన నష్టం చెబుతాను, మీకు జరగకూడదని.

హైకూలో పీపుల్ అనే ప్రోగ్రాం ఉంది. మనకు తెలిసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, చిరునామా అందులో రాసుకోవచ్చు. ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు. నేను అరవై మంది దాకా రాసుకున్నాను. హైకూ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చి, ఆ ఫోల్డర్‌ని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి లాగి, హైకూ భాగాన్ని ఫార్మాట్ చేశాను. తిరిగి తెచ్చుకుంటే అరవై ఫైళ్లూ వచ్చాయి. ఫైళ్ల పేర్లు ఉన్నాయి. లోపల ఫోన్ నంబర్లు లేవు, చిరునామాలు లేవు. ఒక్కో ఫైలు సైజు సున్నా.

కారణం ఇది. పీపుల్ ఫైలు లోపల నిజంగానే ఏమీ ఉండదు. పేరు, నంబరు, ఊరు అన్నీ ఫైలుకు అంటించిన చీటీల్లా ఉంటాయి. వాటిని అట్రిబ్యూట్లు అంటారు. 1990ల చివర్లో బీ అనే కంపెనీలో డొమినిక్ జాంపోలో, సిరిల్ మెరిలాన్ బీఎఫ్ఎస్‌ని రూపొందించినప్పుడే ఈ ఏర్పాటు పెట్టారు. 2001లో ఆ కంపెనీ ఆస్తులను పామ్ అనే కంపెనీ కొనేశాక, బీ తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్ పోగూడదని కొందరు మొదలుపెట్టిన పనే ఇవాళ్టి హైకూ. నాకు హైకూ మీద ఇంత ఇష్టం కలగడానికి ఈ అట్రిబ్యూట్లే కారణం. వచ్చిన ఈమెయిల్ కూడా హైకూలో ఒక ఫైలే. పంపినవాళ్లెవరు, విషయమేంటి అన్నవి దాని చీటీలు. వేరే ప్రోగ్రాం తెరవకుండా ఫోల్డర్‌లోనే వాటిని వరుసపెట్టి చూసుకోవచ్చు.

ఫ్యాట్32కి ఈ చీటీలు తెలియవు. ఫైలు తీసుకుని చీటీలు వదిలేస్తుంది. అందుకని అట్రిబ్యూట్లున్న ఫైళ్లను ఉమ్మడిలోకి పంపే ముందు జిప్ చేయాలి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్-ఆన్స్‌లో జిప్-ఓ-మ్యాటిక్ నొక్కండి. హైకూ జిప్ చేస్తే చీటీలు కూడా మూటలోకి వెళ్తాయి. ఆ మూట విండోస్‌లో ఉన్నా, పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, హైకూలో విప్పేదాకా భద్రంగా ఉంటుంది. విండోస్‌లో విప్పి మళ్లీ జిప్ చేస్తే మాత్రం చీటీలు పోయినట్టే. మామూలు ఫొటోలు, పీడీఎఫ్‌లు, ఉత్తరాలకు ఈ జాగ్రత్త అక్కర్లేదు. వాటి సరుకు లోపలే ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: పీపుల్‌లో మీ పేరుతో ఒక ఫైలు చేసి, నంబరు రాసి సేవ్ చేయండి. దాన్ని ఉమ్మడిలోకి నేరుగా ఒకసారి, జిప్ చేసి ఒకసారి కాపీ చేయండి. రీస్టార్ట్ చేసి విండోస్‌లో రెండింటి సైజులూ చూడండి. మళ్లీ హైకూకి వచ్చి రెండింటినీ డెస్క్‌టాప్ మీదికి తెచ్చి, జిప్‌ని ఒక కొత్త ఫోల్డర్‌లో విప్పి, రెండు ఫైళ్లనూ తెరవండి. ఒకదాంట్లో మీ నంబరు ఉంటుంది. రెండోదాంట్లో ఉండదు. ఆ తేడా మీ కళ్లతో చూశాకే ఐదో పాఠానికి రండి, అక్కడ ఈ చీటీల మీద వెతకడం నేర్చుకుంటాం.