పాత ఫొటో బాగుచేస్తుంటే మరింత పాడవుతోందా?

పాత కుటుంబ ఫొటోలను కంప్యూటర్‌లో బాగుచేయడానికి కూర్చోగానే చాలామంది నేరుగా బ్రష్ అందుకుంటారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. లోపం కాగితంలో ఉందా, స్కాన్‌లో వచ్చిందా, ఎడిటింగ్‌లో మనమే తెచ్చామా? అసలు ఫొటోను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. స్క్రీన్ మీద కనిపించే మచ్చ కాగితం మీద లేకపోతే, స్కానర్ అద్దం తుడిచి మళ్లీ స్కాన్ చేస్తే చాలు.

పెద్దది చేస్తే ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోతున్నాయి

మెసేజ్‌లో వచ్చిన కాపీ మీద పనిచేస్తున్నారేమో చూసుకోండి. మెసేజింగ్ యాప్‌లు ఫొటోను బాగా కుదించి పంపుతాయి. బంధువుల దగ్గర ఉన్న ఫొటో అయితే స్కాన్ చేసి డాక్యుమెంట్‌గా పంపమనండి. స్కానర్‌లో మామూలు ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), పాస్‌పోర్ట్ సైజు వాటికి 1200 డీపీఐ పెట్టి, 16 బిట్ టిఫ్ ఫైల్‌గా (రంగు ఛాయలను ఎక్కువ మెట్లలో దాచే ఫైల్) సేవ్ చేయాలి. బ్లాక్ అండ్ వైట్ ఫొటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి.

బ్లాక్ అండ్ వైట్ ఫొటో పచ్చబడింది, ఎంత సరిచేసినా పాలిపోయినట్టే ఉంది

రెండు వేర్వేరు జబ్బులు ఇక్కడ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది, బొమ్మే పాలిపోవడం. ఫొటోలో నలుపునిచ్చేవి సన్నని వెండి రేణువులు. ప్రింట్ కడిగినప్పుడు హైపో (బొమ్మను నిలిపే రసాయనం) పూర్తిగా పోకపోయినా, ఏళ్ల తరబడి తేమ తగిలినా ఆ వెండి మారిపోయి నలుపు కాస్తా పసుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. రెండోది, బొమ్మ బాగానే ఉండి దాని మీద నీటి మరకో, జిగురు మరకో పడటం.

రెండింటికీ మందు కలర్ ఛానళ్లలోనే ఉంది, అంటే ఫొటో రంగును ఎరుపు (రెడ్), ఆకుపచ్చ (గ్రీన్), నీలం (బ్లూ)గా విడదీసిన మూడు భాగాల్లో. కానీ ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. పసుపు రంగు నీలి వెలుగును పీల్చుకుని ఎరుపును వదిలేస్తుంది. అందుకే పసుపు మరక బ్లూ ఛానల్‌లో నల్లగా కనిపిస్తుంది, రెడ్ ఛానల్‌లో దాదాపు మాయమవుతుంది. మరక పడిన ఫొటోకు రెడ్ ఛానల్ తీసుకోండి. బొమ్మే పసుపెక్కి పాలిపోతే బ్లూ ఛానల్ తీసుకోండి. పోయాయనుకున్న కనుబొమ్మలు, బట్టల మడతలు అందులో బయటపడటం చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఫొటోషాప్‌లో అయితే ఛానల్స్ ప్యానెల్‌లో ఒక్కొక్కటీ నొక్కి చూడొచ్చు. గింప్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో కలర్స్ మెనూలోని కాంపోనెంట్స్ కింద ఛానళ్లను విడదీసే డీకంపోజ్ ఉంటుంది. రెండు జబ్బులూ ఒకే ఫొటోలో ఉంటే రెండు ఛానళ్లనూ ఒకదాని మీద ఒకటి రెండు లేయర్లుగా (పొరలుగా) పెట్టి, మరక ఉన్నంత మేర రెడ్ కనిపించేలా మాస్క్ (లేయర్‌లో అక్కర్లేని భాగాన్ని దాచే ముసుగు) వేసి, వెలుగునీడలు సరిచేసే కర్వ్స్‌తో టోన్ కలపండి. గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే ఈ దారులన్నీ మూసుకుపోతాయి. కలర్‌లో చేయమన్నది ఇందుకే.

కలర్ ఫొటో మొత్తం ఎర్రబారింది

1970ల నాటి ఆల్బమ్‌లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఆ కాలపు చాలా ప్రింట్లలో సయాన్ డై (నీలి ఆకుపచ్చ రంగు) చీకట్లో ఉన్నా వెలిసిపోతుంది. మిగిలిన రంగుల వల్ల ఫొటో ఎర్రగా తేలుతుంది. ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో లెవెల్స్ టూల్ తెరిచి రెడ్, గ్రీన్, బ్లూ ఛానళ్లను విడివిడిగా తీసుకోండి. ఒక్కోదానిలో హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏ ఛాయ ఎంతుందో చూపే గ్రాఫ్) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో అక్కడికి రెండు చివరి స్లైడర్లనూ జరపండి. పచ్చబడ్డ బోర్డర్ లెక్కను తప్పిస్తుంది కాబట్టి ముందుగా బొమ్మ వరకే సెలెక్ట్ చేసుకోవాలి. తెల్ల బట్టలు, నెరిసిన జుట్టు సరిగ్గా వచ్చాకే ముఖాల రంగు చూడండి. రెడ్ ఛానల్‌ను బాగా సాగదీయాల్సి వస్తుంది. 8 బిట్ ఫైల్ అయితే అక్కడ రంగు మెట్లు మెట్లుగా విరుగుతుంది. డై పూర్తిగా పోతే ఏ స్లైడరూ దాన్ని తిరిగి తేలేదు. అప్పుడు గ్రీన్ ఛానల్‌తో చక్కటి బ్లాక్ అండ్ వైట్ చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

నల్లటి చోట్ల నీలంగా మెరుస్తోంది, లేదా ఫొటో అంతా చుక్కల అల్లిక కనిపిస్తోంది

మెరుపుకు కారణం వెండి పైకి తేలి అద్దంలా పేరుకోవడం. స్కానర్ లైటు దాని మీద పడి తిరిగొస్తుంది. ఇలాంటి ఫొటోను రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టి కెమెరాతో తీయండి. చుక్కల అల్లిక గరుకు కాగితానిది. ఫొటోను ఒకసారి మామూలుగా, ఒకసారి 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేయండి. రెండో స్కాన్‌ను కంప్యూటర్‌లో మళ్లీ 180 డిగ్రీలు తిప్పి, మొదటి దాని మీద లేయర్‌గా సరిగ్గా కూర్చోబెట్టి, దాని ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలన్నది) 50 శాతం పెడితే గరుకు నీడలు చాలావరకు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

ఫ్రేమ్ అద్దానికి అతుక్కున్న ఫొటోను మాత్రం పీకొద్దు. బొమ్మ అద్దంతో పాటే ఊడొస్తుంది. అద్దంతోనే స్కాన్ చేయండి.

గీత పోయింది, అక్కడ మసక మిగిలింది

హీలింగ్ బ్రష్ చుట్టుపక్కల టోన్‌ను కలుపుతుంది. చెంప, జుట్టు కలిసే అంచు దగ్గర వాడితే రెండూ అలుక్కుపోతాయి. అంచుల దగ్గర పక్క భాగాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసే క్లోన్ టూల్, విడి ప్రదేశాల్లో హీలింగ్ వాడండి. రెండూ ఖాళీ లేయర్ మీదే చేయాలి.

ముఖం బాగా స్పష్టంగా వచ్చింది, కానీ మనిషి మారిపోయాడు

అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. జీఎఫ్‌పీ-గ్యాన్, కోడ్‌ఫార్మర్ లాంటి ఏఐ టూల్స్ వేల ముఖాల నుంచి నేర్చుకున్నదాన్ని బట్టి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. గ్రూప్ ఫొటోలో చిన్నగా పడిన ముఖంలో అసలు సమాచారం తక్కువ కాబట్టి ఊహ ఎక్కువవుతుంది. నవ్వు మారుతుంది, పుట్టుమచ్చ పోతుంది. ఏఐ ఫలితాన్ని అసలు స్కాన్ మీద లేయర్‌గా పెట్టి, కళ్లు, ముక్కు, పెదవుల దగ్గర మాస్క్‌తో తీసేయండి. బట్టలకు, వెనక గోడకు అది ఉపయోగపడుతుంది. ముఖంలో సగం చిరిగిపోతే రెండో సగాన్ని తిప్పి అతికించకండి. ఏ ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. అదే వయసులో తీసిన ఆ మనిషి ఫొటో ఇంకోటి వెతకండి. పూర్తయ్యాక ఆ మనిషిని ఎరిగినవాళ్లకు, పక్కన పాతది పెట్టకుండా చూపించండి. వాళ్లు తటపటాయిస్తే ఏఐ లేయర్ తీసేయండి. మసకగా ఉన్నా పర్వాలేదు.

ప్రింట్ నల్లగా వచ్చింది

చాలాసార్లు స్క్రీన్ వెలుగు మరీ ఎక్కువగా పెట్టుకుని ఎడిట్ చేయడమే కారణం. దాన్ని తగ్గించి సరిచేసి, ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో సేవ్ చేసి, ముఖం ఉన్న చిన్న ముక్కను ముందుగా ప్రింట్ తీసి చూసుకోండి.