కొత్త కాంక్రీటుకు తొలి చలికాలం: ఉప్పు వేయకండి

శరదృతువు చివర్లో పోయించిన డ్రైవ్‌వే (ఇంటి ముందు కారు వచ్చి నిలిచే కాంక్రీటు దారి) ఒకటి మా వీధిలో వసంతం వచ్చేసరికి పెచ్చులూడిపోయింది. కారు చక్రాలు నిలిచే చోట పైపొర లేచిపోయి కంకర తేలింది. పోసినవారు వచ్చి చూసి, ఉప్పు వల్ల జరిగిన నష్టానికి తమ హామీ వర్తించదని చెప్పి వెళ్లిపోయారు. ఇలాంటివి ఇంతకుముందూ చూశాను, కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. పోసిన మొదటి చలికాలంలోనే మంచు కరగడానికి ఉప్పు చల్లడం.

ఉప్పు కాంక్రీటును తినేస్తుందని చాలామంది అనుకుంటారు. మామూలు ఉప్పు విషయంలో అసలు విధ్వంసం నీటిది. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఉప్పు మంచును కరిగించి ఆ నీటిని కాంక్రీటు రంధ్రాల్లోకి దింపుతుంది, త్వరగా ఆరనివ్వదు. రాత్రి చలి ముదిరితే అదే నీరు లోపల గడ్డకట్టి ఉబ్బుతుంది. కదలకుండా పడి ఉండాల్సిన మంచు పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ మళ్లీ అదే పొరను పొడుస్తుంది. పాతబడిన మంచి కాంక్రీటు దీన్ని కొంత తట్టుకుంటుంది, ఎందుకంటే చలి ప్రాంతాల మిశ్రమంలో సుమారు 6 శాతం సూక్ష్మమైన గాలి బుడగలు ఉంచుతారు, ఉబ్బిన నీటికి అవి చోటిస్తాయి. కొత్త కాంక్రీటు ఇంకా తడిగా, పచ్చిగా ఉంటుంది. పోసి 28 రోజులు నిండాయి కదా అని ధైర్యపడకండి. ఆ లెక్క బలానికి సంబంధించినది, తడి ఆరడానికి సంబంధించినది కాదు. తొలి చలికాలం ఉప్పు వద్దు.

మరి జారకుండా ఉండాలంటే? ఇసుక చల్లండి. మంచును కరిగించదు, పట్టు ఇస్తుంది. అది చాలు.

రెండో ఏడాది నుంచి మంచు కరిగించడానికి ఏ సంచి కొనాలన్నది తర్వాతి ప్రశ్న. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దిగువన దాదాపు పనిచేయదు, అక్కడ ఇంకా ఇంకా పోయడం వృథా. కాల్షియం క్లోరైడ్ అంతకంటే చాలా తీవ్రమైన చలిలోనూ కరిగిస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్‌ను సౌమ్యమైనదిగా అమ్ముతారు గానీ, అది సిమెంటు బంధాన్నే రసాయనికంగా బలహీనపరుస్తుంది. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న ఎరువులను మంచు కరిగించడానికి ఎప్పుడూ వాడకండి. అవి కాంక్రీటును నిజంగానే తినేస్తాయి. సంచి మీద ‘కాంక్రీటుకు సురక్షితం’ అని రాసి ఉన్నా, కరిగిన నీరు తిరిగి గడ్డకట్టక మానదు. ఆ రాతను చూసి కొత్త డ్రైవ్‌వే మీద గుమ్మరించేవారిని ఏమనాలో నాకు తెలియదు.

ఇక మిగిలినవి.

మంచు పడుతుండగానే తీయండి, తొక్కి గట్టిపడే దాకా ఆగకండి. ఇనుప అంచు పారతో గీకవద్దు. రెండో ఏడాది నుంచి ఉప్పు వేసినా, అక్కడితో పని అయిపోయిందనుకోకండి, కరిగిన బురదను వెంటనే పక్కకు తోసేయండి. మీరు ఒక్క గింజ ఉప్పు కూడా చల్లకపోయినా, రోడ్డు మీది ఉప్పును కారు మోసుకొచ్చి చక్రాల దగ్గర కారుస్తుంది. కొత్త నేల మీద కారు నుంచి రాలే ఆ ఉప్పు మంచు గడ్డలను రాలిన రోజే ఊడ్చేయండి. చూరు నీటి గొట్టం డ్రైవ్‌వే మీదికి తెరుచుకుంటే దారి మళ్లించండి. చలి రాకముందే, నేల పూర్తిగా ఆరాక, లోపలికి ఇంకి నీటిని అడ్డుకునే సైలేన్ లేదా సైలోక్సేన్ రకం సీలర్ (రక్షణ ద్రవం) వేయించండి. పైన మెరిసే పొరగా నిలిచేది వద్దు, లోపలి తడిని బంధిస్తుంది. సీలర్ ఉంది కదా అని తొలి ఏడాది ఉప్పు వేయకండి. కొంచెమే కదా అని కూడా వేయకండి. పలుచటి ఉప్పునీరే చిక్కటి దానికంటే ఎక్కువ పెచ్చులు లేపుతుంది. కొత్తగా పోయిస్తుంటే, నునుపు కోసం పైన నీళ్లు చల్లి తాపీతో రుద్దేవారిని అక్కడికక్కడే ఆపండి. ఆలస్యమై చలి దగ్గరపడితే పోయించడమే వసంతానికి వాయిదా వేయండి. ఇప్పటికే పెచ్చులు లేచి ఉంటే చలిలో పూత పూయకండి, నిలవదు. వదులైన ముక్కలు ఊడ్చి, ఆ చోట ఉప్పు పడకుండా చూసుకుని, వాతావరణం వేడెక్కాక మరమ్మతు చేయించండి.