చాటింపు పడేలోపు సర్దుకోవలసినవి

మే నెలలో ఒక మంగళవారం రాత్రి మా తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి నిద్ర చేయకూడదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముందే వెళ్ళిపోవాలి, లేదంటే జాతర అయ్యేదాకా ఇక్కడే ఉండిపోవాలి. ఇప్పుడు అందరూ పాటించరు గానీ, మా జేజి ఉన్నంతకాలం మా ఇంట్లో తప్పదు.

అంటే ఆ వారం నేను ఎక్కడికీ పోలేను. సరిగ్గా ఆ వారమే మా ఆయన, అంటే ఒకప్పటి మా ఆయన, బెంగళూరు నుంచి దిగుతాడు. వాళ్ళమ్మ ఉండేది కొర్లగుంటలో, మేం భవానీనగర్‌లో. విడిపోయి నాలుగేళ్ళయింది. మాకు తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడు. మొదటి జాతరకే కరిగిపోయి మళ్ళీ కలిశాను. పందొమ్మిది రోజులు నడిచింది ఆ కాపురం. రెండో జాతరకు కలవలేదు గానీ నెల రోజులు నిద్ర లేదు. పోయినేడు మాత్రం బాగానే గట్టెక్కాను. ఏం చేసి గట్టెక్కానో రాస్తున్నాను. మీకు అది జాతర కాకపోవచ్చు. చెల్లెలి పెళ్ళి, సంక్రాంతి, తద్దినం, ఏదైనా కావచ్చు. మాటలతో మనల్ని నలిపేసిన ఆ మనిషి ఎదురుపడక తప్పని రోజు అనుకోండి.

ఇలాంటి మనిషిని నార్సిసిస్ట్ అంటారు కదా అని మీరు అనొచ్చు, ముందుగా ఆ పేరు సంగతి. ఈ మధ్య గొడవపడ్డ ప్రతివాణ్ణీ నార్సిసిస్ట్ అనేస్తున్నారు. అది తిట్టు కాదు. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అని అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో 1980లో చేరిన జబ్బు పేరు. ఇప్పటి మాన్యువల్‌లో తొమ్మిది లక్షణాలు చెప్పి, కనీసం అయిదు ఉంటేనే ఆ పేరు పెట్టమన్నారు. తాను అందరికంటే గొప్ప అనుకోవడం, పొగడ్త లేకపోతే ఉండలేకపోవడం, అన్నీ తనకు హక్కుగా రావాలనుకోవడం, ఎదుటివాళ్ళను వాడుకోవడం, వాళ్ళ బాధ పట్టకపోవడం, ఇలాంటివి. పెట్టవలసింది డాక్టరు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి. నేను మా ఆయన్ని ఏ డాక్టరుకూ చూపించలేదు, ఆయన రాడు కూడా. కాబట్టి ఆ ముద్ర నేను వేయను. నాకు జరిగినదానికి పేరు అక్కర్లేదు, నడవడి తెలిస్తే చాలు. ఆ నడవడి భార్యలోనూ ఉండొచ్చు, అత్తలోనూ, సొంత అన్నలోనూ ఉండొచ్చు. అందరూ మీసం మెలేసే రకమే అనుకోకండి. ఎప్పుడూ తనకే అన్యాయం జరిగినట్టు కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం ఇంకొకటి ఉంది. దాన్ని పట్టుకోవడం కష్టం.

ఇక అసలు జాగ్రత్త. ఆయన కోపానికి మీరు సిద్ధంగానే ఉంటారు, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. సిద్ధంగా ఉండవలసింది ఆయన మంచితనానికి.

మొదటి జాతరకు ఏం జరిగిందో చెబుతాను. జాతరలో రోజుకో వేషం కడతారు. గురువారం సాయంత్రం, బండ వేషం రోజు, వీధంతా కుంకుమ పూసుకున్న మనుషులు. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. చేతిలో కవరు. నాలుగు మూరల మల్లెపూలు, మా అమ్మకు మోకాళ్ళ నొప్పుల ఆయింట్‌మెంటు. ఎనిమిదేళ్ళ కాపురంలో మా అమ్మకు మోకాళ్ళున్నాయని గుర్తించని మనిషి! "నేను చాలా తప్పులు చేశాను, నువ్వు క్షమించక్కర్లేదు" అని వెళ్ళిపోయాడు. అమ్మ ఆయింట్‌మెంటు చేతిలో పట్టుకుని "మారినట్టున్నాడమ్మే" అంది. అదే నా కొంప ముంచింది. ఏ తప్పులు చేశాడో ఒక్కటి కూడా పేరుపెట్టి చెప్పలేదని నాకు పదకొండో రోజున తట్టింది. ఆయన నా ఫోను తెరిచి మెసేజ్‌లు చదువుతూ కనబడినప్పుడు.

దీన్ని ఇంగ్లీషువాళ్ళు హూవరింగ్ అంటారు, వ్యాక్యూమ్ క్లీనర్ కంపెనీ పేరు మీద. మళ్ళీ లోపలికి లాక్కోవడం అన్నమాట. మన బుర్ర దానికి ఎందుకు లొంగుతుందో కూడా కొంత తెలుసు. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాలు ఉన్నాయి. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోగానే పావురం త్వరగానే మానుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి పడితే మాత్రం, పడడం ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. నా కాపురం అంతా అదే. నెలకు ఒక మంచి రోజు. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఇరవైతొమ్మిదీ మీట పొడిచాను. పిచ్చిదాన్ని కాదని తెలిసింది గానీ, పావురాన్నని తెలిసి కూడా పెద్ద ఊరటేమీ కలగలేదు.

అందుకే కాగితం రాసుకోండి. మనసు కుదురుగా ఉన్న రోజున, చాటింపుకు కనీసం వారం ముందు. తిట్లు రాయకండి, విశ్లేషణ రాయకండి. తేదీ, ఎవరి ముందు, ఏమన్నాడు, మర్నాడు ఏమన్నాడు, అంతే. నా కాగితంలో మొదటిది ఇలా ఉంటుంది: "2018 దీపావళి. అమ్మ ముందు, నీ జీతం ఎంతని నీకంత నోరు అన్నాడు. మర్నాడు అడిగితే, నేను అనలేదు, నువ్వు ఊహించుకుంటున్నావు, నీకు డాక్టరు కావాలి అన్నాడు." ఈ రెండో వాక్యమే ముఖ్యం. జరిగినదాన్ని జరగలేదని పదేపదే చెప్పి మన జ్ఞాపకం మీద మనకే నమ్మకం పోగొట్టడాన్ని గ్యాస్‌లైటింగ్ అంటారు. దానికి నాకు తెలిసిన విరుగుడు చేతిరాత ఒక్కటే. కాగితం బీరువాలో చీరల కింద పెట్టాను. మల్లెపూలు వచ్చిన రోజున బయటికి తీయాలి. కోపం తెచ్చుకోవడానికి కాదు, జరిగింది గుర్తుండడానికి.

ఫోను సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌వర్డులు మార్చండి, ఈమెయిల్‌ది ముందు మార్చండి. వాట్సాప్‌లోనూ మ్యాప్స్‌లోనూ లొకేషన్ షేరింగ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఒకప్పుడు ఇద్దరూ కలిసి వాడిన గూగుల్ అకౌంటు ఏ పాత ఫోనులోనైనా తెరిచి ఉందేమో చూడండి. పిల్లలు లేకపోతే అన్నిటా బ్లాక్ చేసేయండి, ఆస్తి లెక్కలుంటే లాయరు ద్వారా మాట్లాడండి. అన్నిటా అంటే అన్నిటా. నేను అన్నీ బ్లాక్ చేశాననుకుంటే ఫోన్‌పేలో ఒక రూపాయి వచ్చింది. కింద మెసేజ్: "తిన్నావా?" ఒక్క రూపాయి! రాత్రంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ కూడా బ్లాక్ చేయవచ్చని అప్పుడు తెలిసింది.

పిల్లలుంటే పూర్తిగా తెంచుకోలేం. ఒకే ఒక్క దారి ఉంచండి. నాకు అది మామూలు ఎస్సెమ్మెస్. ఫోనులో మాట్లాడను. పోయినేడు చాటింపుకు ముందు ఆయన పంపింది ఇది: "బాబు నా దగ్గరికి రావాలని ఏడుస్తున్నాడని మా అమ్మతో చెప్పాడట. వాడి మనసు విరిచింది నువ్వు. నీలాంటిది తల్లా? శుక్రవారం వాడికి తోటి వేషం కట్టించాలి, ఎప్పుడు పంపిస్తావు?"

దీనికి పద్నాలుగు లైన్ల జవాబు రాశాను. బ్రహ్మాండంగా వచ్చింది, నాకే ముచ్చటేసింది. నోటుబుక్కులో ఉంచేశాను. పంపింది మాత్రం: "శుక్రవారం ఉదయం 10. మా వీధి చివర టీ కొట్టు దగ్గర. సాయంత్రం 5కు అక్కడే." ఆ మెసేజ్‌లో ప్రశ్న ఒక్కటే ఉంది, మిగతాదంతా ఎర. మన కన్నీళ్ళూ కోపమూ రెండూ వాళ్ళకు ఒకటే, ఇంకా మన మీద పట్టుందని రుజువు. అది దొరకనివ్వకుండా రాయిలా, చప్పగా ఉండడాన్నే గ్రే రాక్ అంటారు. ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రమే సుమా. నేను కొన్నాళ్ళు ఇంట్లో బాబుతో కూడా అలాగే ఉండిపోయాను. వాడే ఒకరోజు "అమ్మా, నువ్వు నాతో కూడా ఎస్సెమ్మెస్ లాగా మాట్లాడతావేం" అన్నాడు.

ఇంకో హెచ్చరిక. చెయ్యి చేసుకునే మనిషైతే ఈ రాయి పద్ధతి పనికిరాదు, పట్టు జారుతోందని తెలిసి ఇంకా రెచ్చిపోవచ్చు. అలాంటిచోట ఒంటరిగా కలవకండి, గుమ్మం లోపలికి రానీయకండి, పక్కింటివాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. ప్రమాదం అనిపిస్తే 112. ఆడవాళ్ళకు 181 హెల్ప్‌లైన్ ఎప్పుడూ ఉంటుంది. బాబును అప్పగించడానికి టీ కొట్టు ఎందుకు ఎంచుకున్నానంటే, అక్కడ పొద్దున్నుంచీ నలుగురు ఉంటారు. గుడి దగ్గర వద్దు. తాతయ్యగుంట దరిదాపులకు ఆ వారం ఆటో పోదు, ఆ హోరులో ఫోను మోగినా వినపడదు.

తరువాత రాయబారులు. ఆయన రాకముందే చుట్టాల ఫోన్లు వస్తాయి. పాపం, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆయన చెప్పిన కథ మాత్రమే విన్నారు. ఆ కథలో మనమే రాక్షసులం. చేసింది చేయలేదనడం, అడిగినవాళ్ళ మీద పడడం, చివరికి దెబ్బ తిన్నది తానే అనడం. దీనికి జెన్నిఫర్ ఫ్రెయిడ్ అనే అమెరికా సైకాలజిస్టు 1997లో డార్వో అని పేరు పెట్టింది. మీ వైపు కథ చెప్పి వాళ్ళను గెలుచుకుందామని చూడకండి. నేను మా చిన్నాయనతో గంటన్నర వాదించాను, ఆ గంటన్నరలో నేనన్న ప్రతి మాటా రాత్రికల్లా కొర్లగుంట చేరింది. ఇప్పుడు ఒకటే జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను: "చిన్నాయనా, ఆ విషయం లాయరు చూస్తున్నాడు. మీ షుగరు ఎట్లా ఉంది?" షుగరు గురించి అడిగితే ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడతాడు. నాకు ఇబ్బంది లేదు.

"కొట్టలేదు కదమ్మా" అని పెద్దవాళ్ళు అంటారు. దానికి మాత్రం జవాబు ఉంది. 2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు. మాటలతో, మానసికంగా వేధించడం, జీతం లాక్కోవడం, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడం కూడా హింసే. దగ్గరికి రాకూడదని రక్షణ ఉత్తర్వు అడగవచ్చు, ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. ఆడవాళ్ళకు సంపాదనతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. ఆ చట్టం కింద రక్షణ కోరగలిగేది ఆడవాళ్ళే. మగవాళ్ళు ఇలాంటి సంబంధంలో ఇరుక్కుంటే బయట చెప్పుకోవడానికే సిగ్గుపడతారు. వాళ్ళకు కూడా 14416 పనికొస్తుంది. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకండి. మన ఊళ్ళో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

జంట కౌన్సెలింగ్‌కు వెళ్ళమని సలహా ఇస్తే ఆలోచించుకోండి. భయపెట్టే మనిషి పక్కన కూర్చుని మీరు చెప్పిన నిజం ఇంటికి వెళ్ళాక మీ మీదికే రావచ్చు. ముందు మీరు ఒక్కరే వెళ్ళండి.

మా ఆఫీసులో ఒకామె, జాతర మాట వచ్చి, "వాడూ వేషాలేగా వేసేది" అంది. నవ్వాను గానీ ఒప్పుకోలేదు. జాతరలో వేషం కట్టినవాడు ఎదురైనవాణ్ణల్లా బూతులు తిడతాడు, సాయంత్రం స్నానం చేసి మామూలు మనిషవుతాడు. అది వేషమని తిట్టినవాడికీ, తిట్టించుకున్నవాడికీ తెలుసు.

జాతర అయిపోయాక వచ్చే పది రోజులకు కూడా సిద్ధపడండి, దాని గురించి ఎవరూ చెప్పరు. అంతా సవ్యంగా జరిగినా ఒళ్ళు నీరసంగా, ఇల్లు బోసిగా ఉంటుంది. ఆయన స్టేటస్ చూడాలని చెయ్యి దురద పెడుతుంది. అది ప్రేమ తిరిగి రావడం కాదు, గింజ పడలేదని పావురం వెతుక్కోవడం. నేను ఆ పది రోజులకు ముందే పనులు పెట్టుకుంటాను. కుట్టుకు ఇచ్చిన జాకెట్లు తెచ్చుకోవడం, జేజి కళ్ళ పరీక్ష, రాత్రి తొమ్మిదికి రోజూ అక్కతో ఫోను. విడిపోయిన కొత్తలో కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలా బెండకాయలా తేల్చుకోలేక ఖాళీ సంచితో ఇంటికొచ్చిన రోజులున్నాయి. ఎనిమిదేళ్ళు ఏది కొన్నా తప్పే అయిన మనిషికి అది మామూలే. చిన్నవాటితోనే మొదలవుతుంది. ఇప్పుడు బండివాడు నన్ను చూస్తే బేరానికి భయపడతాడు.

పోయినేడు శుక్రవారం అయిదుకు రావలసినవాళ్ళు అయిదు నలభైకి వచ్చారు. బాబు ఒళ్ళంతా తోటి వేషానికి పూసిన బొగ్గు, మెడలో వేపమండలు, భుజం మీద నిద్రపోతున్నాడు. "ట్రాఫిక్" అన్నాడు ఆయన. "సరే" అన్నాను. ఇంకేదో అనబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. ఇంటికొచ్చి వాడికి నీళ్ళు పోస్తే నాలుగు చెంబుల దాకా నల్లగానే పోయాయి. నిద్రమత్తులోనే, నాన్న రెండు ఐస్‌క్రీములు కొనిచ్చాడని చెప్పాడు. ఆ రాత్రి బీరువాలోంచి కాగితం తీసి చివర ఒక లైను రాశాను: "40 నిమిషాలు లేటు. బాబుకు వేళకు అన్నం పెట్టించాడు."