జాతర గుంపుకు ఈఎస్‌పీ32 క్లస్టర్లు

మేడారంలో జనం కిక్కిరిసినప్పుడు ఫోన్లు కలవడం కష్టం. ఒకే ఊరి నుంచి నాలుగైదు బండ్లల్లో పోయినవాళ్లు ఒకరి జాడ ఒకరు తెలుసుకోవడానికి టవర్, రూటర్ లేకుండానే ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్) బోర్డులతో సొంత నెట్‌వర్క్ కట్టుకోవచ్చు. దానికి బోర్డులు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ ప్రోటోకాల్ చాలు. బోర్డులను చిన్న గుంపులుగా (క్లస్టర్లు) విడగొట్టి, ఒక్కో గుంపులో ఒక బోర్డును హెడ్‌గా, అంటే మెసేజ్‌లకు దారి చూపే పెద్దగా పెట్టాలి.

ఒక్కో బోర్డులో 20 పీర్లకే (అది మెసేజ్ పంపే అడ్రస్‌లకే) చోటు. అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్ కూడా అందులో ఒకటి కాబట్టి మిగిలేవి 19. ఎన్‌క్రిప్షన్ పెడితే ఇంకా తగ్గుతాయి. అయినా క్లస్టర్‌కు 8 బోర్డులు దాటనివ్వొద్దు. పక్క క్లస్టర్ హెడ్ ఆగిపోతే అక్కడి బోర్డులన్నీ వచ్చి చేరేది ఇక్కడికే.

అన్ని బోర్డులకూ ఒకే చానెల్ పెట్టండి: 1, 6, 11లో ఖాళీగా ఉన్నది. వైఫై పవర్ సేవ్ ఆపేయండి, లేకుంటే వచ్చే ప్యాకెట్లు జారిపోతాయి. ప్రతి బోర్డూ 2 సెకన్లకోసారి హలో, అంటే నేనున్నానని చెప్పే చిన్న బ్రాడ్‌కాస్ట్ మెసేజ్, పంపాలి. అందులో తన ఐడీ, బ్యాటరీ శాతం, పొరుగు బోర్డుల సంఖ్య, తన హెడ్ ఎవరన్నది ఉంటే సరిపోతుంది. అందరూ ఒక్కసారే పంపి ఢీకొనకుండా ప్రతిసారీ 0 నుంచి 300 మిల్లీసెకన్ల యాదృచ్ఛిక ఆలస్యం కలపండి.

అసలు తలనొప్పి హెడ్ ఎంపికే. తక్కువ ఐడీ ఉన్నదే హెడ్ అని రాసుకోవడం తేలిక, కానీ బరువంతా ఆ ఒక్క బోర్డు మీదే పడి దాని బ్యాటరీ ముందు అడుగంటుతుంది. మార్కులు వేయడం మేలు: బ్యాటరీ శాతాన్ని 0.6తో, పొరుగుల సంఖ్యను 5తో గుణించి కలపండి. సిగ్నల్ మైనస్ 80 డీబీఎం కన్నా బలంగా ఉన్నవాటినే పొరుగుగా లెక్కించండి, అవీ 8 దాకానే. కొత్త బోర్డు మార్కులు పాత హెడ్ కంటే కనీసం 15 ఎక్కువైతేనే మార్చాలి. ఈ షరతు లేకుంటే మనుషులు నాలుగడుగులు వేసినప్పుడల్లా హెడ్ మారుతుంది, మెసేజ్‌లకు దారి దొరకదు. బ్రాడ్‌కాస్ట్‌కు అందినట్టు జవాబు రాదు, ఒకటి రెండు హలోలు పోవడం మామూలే. వరుసగా 4 పోతేనే హెడ్ పోయినట్టు లెక్క.

రెండు హెడ్‌ల హలోలూ వినిపించే బోర్డు గేట్‌వే, అంటే రెండు క్లస్టర్ల మధ్య మెసేజ్‌లు మోసే వారధి, అవుతుంది. ప్రతి మెసేజ్‌కూ నంబర్ ఇచ్చి, 4 హాప్‌ల (ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు గెంతు ఒక హాప్) దగ్గర ఆపేయండి. లేకుంటే అదే మెసేజ్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

హెడ్‌ను ఎవరైనా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపారా, దాని చానెల్ హాట్‌స్పాట్ చానెల్‌కు మారిపోతుంది, మిగతా బోర్డులకు అది మాయమైనట్టే. 18650 లిథియం సెల్‌ను నేరుగా బోర్డు 5 వోల్టుల పిన్‌కు కలిపితే, చాలా బోర్డులమీదుండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కు ఆ వోల్టేజీ చాలదు. ప్యాకెట్ పంపేటప్పుడు కరెంటు ఎగసి బోర్డు రీసెట్ అవుతుంది. మధ్యలో 5 వోల్టుల బూస్టర్ పెట్టండి.

వరంగల్ భద్రకాళి చెరువు కట్ట లాంటి ఖాళీ చోట అందిన దూరం జాతరలో అందదు. ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగేస్తుంది. బోర్డును జేబులో కాదు, భుజం మీద ఉంచండి.

బయల్దేరే ముందు హెడ్‌ను ఆపి చూడండి. 10-12 సెకన్లలో కొత్త హెడ్ తేలాలి. ఒకరి హలో ఒకరికి వినిపిస్తున్నా రెండు హెడ్‌లు తేలితే, మార్కులు సమానమైనప్పుడు తక్కువ ఐడీని ఎంచుకునే షరతు కోడ్‌లో ఉందో లేదో చూసుకోండి.