పైథాన్ సొంతంగా, 7వ భాగం: లిస్టులు ఎన్నున్నా అన్ని కాంబినేషన్లూ

పోయిన భాగంలో రంగులు మూడు, సైజులు నాలుగు, డిజైన్లు రెండు తీసుకుని, లూప్‌లో లూప్, దాని లోపల ఇంకో లూప్ పెట్టి 24 కాంబినేషన్లు ప్రింట్ చేశాం. బాగానే ఉంది. కానీ నాలుగో లిస్టు వస్తే నాలుగో లూప్ రాయాలి, అసలు ఎన్ని లిస్టులొస్తాయో ప్రోగ్రామ్ నడిచేదాకా తెలియకపోతే ఎన్నని రాస్తాం?

అందుకే ఈసారి దారి మారుద్దాం. ఇప్పటిదాకా తయారైన కాంబినేషన్లన్నీ 'ఫలితం' అనే లిస్టులో ఉన్నాయనుకోండి. కొత్త లిస్టు వచ్చినప్పుడల్లా, ఫలితంలోని ప్రతి కాంబినేషన్ చివరా ఆ లిస్టులోని ఒక్కో ఐటమ్‌నీ తగిలించి, అలా వచ్చినవన్నీ కలిపి కొత్త ఫలితంగా పెట్టుకోవాలి. ఎరుపు, నీలం ఉన్నచోటికి చిన్న, పెద్ద వస్తే ఎరుపు-చిన్న, ఎరుపు-పెద్ద, నీలం-చిన్న, నీలం-పెద్ద అవుతాయి. ముప్ఫయ్యో లిస్టుకైనా ఇదే పని. లిస్టుల మీద ఒకటి, ఫలితం మీద ఒకటి, ఐటమ్‌ల మీద ఒకటి, ఎప్పుడూ మూడే లూప్‌లు.

మరి మొదట్లో ఫలితంలో ఏముండాలి? నేను మొదటిసారి ఖాళీ లిస్టు పెట్టాను. ఎర్రర్ రాలేదు, ఔట్‌పుట్టూ రాలేదు, అరగంట తల పట్టుకున్నాను. తగిలించడానికి లోపల ఒక్క కాంబినేషనైనా లేకపోతే లూప్ తిరగదు కదా! పెట్టాల్సింది ఒక ఖాళీ కాంబినేషన్ ఉన్న లిస్టు, అంటే చదరపు బ్రాకెట్ల లోపల ఇంకో జత చదరపు బ్రాకెట్లు. గుణకారం 0తో మొదలుపెడితే చివరిదాకా సున్నాయే, 1తో మొదలుపెట్టాలి, ఇదీ అలాంటిదే. ఇచ్చిన లిస్టుల్లో ఒకటి ఖాళీ అయినా ఫలితం ఖాళీ అవుతుంది, అది మాత్రం బగ్ కాదు, లెక్క ప్రకారం అంతే.

ఇదంతా పైథాన్‌తో పాటే వచ్చే ఐటర్‌టూల్స్ (itertools) మాడ్యూల్‌లోని ప్రొడక్ట్ (product) అనే ఫంక్షన్ ఒక్క లైన్లో చేసిపెడుతుంది, పైథాన్ 2.6 నుంచీ ఉంది. లిస్టులన్నీ ఒకే పెద్ద లిస్టులో ఉంటే ప్రొడక్ట్‌కి ఇచ్చేటప్పుడు దాని ముందు నక్షత్రం గుర్తు (*) మర్చిపోకండి, లేకపోతే మీకొచ్చేవి కాంబినేషన్లు కావు, మీరిచ్చిన లిస్టులే ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. ఇంకో లాభం, మనం రాసింది అన్నిటినీ మెమరీలో పోగేస్తుంది, ప్రొడక్ట్ అడిగినప్పుడు ఒక్కోటి ఇస్తుంది. పదేసి ఐటమ్‌లున్న పది లిస్టులకు వెయ్యి కోట్ల కాంబినేషన్లు, వాటిని లిస్టుగా మార్చబోయారో, మెషీన్ నిలబడిపోతుంది.

ముందు మూడు లూప్‌లదే సొంతంగా రాసి, 24 వచ్చాయో లేదో చూసుకోండి. 8వ భాగంలో, మిగతావేవీ తయారు చేయకుండా 17వ కాంబినేషన్‌ని భాగహారంతో నేరుగా పట్టుకుందాం.